చుక్క లేని రాయి

అనగనగా ఒక గుట్ట, గుట్ట మీద కోట, కోట కింద వాగు, వాగు ఒడ్డున రాళ్లు కొట్టుకునే తిప్పయ్య. ఊ కొట్టండి మరి! ఒరేయ్ ఓబులేసూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లెలేం కప్పుకుంటుందిరా? ఆఁ, అదీ.

ఈ తిప్పయ్య రోళ్లు చేసేవాడు, తిరగళ్లు చేసేవాడు. ఆయన చేసిన రోట్లో రుబ్బితే పిండిలో ఇసుక తగిలేది కాదట. లేకలేక పుట్టిన కూతురు లక్కమ్మ. చిన్నప్పుడు నాయన పక్కనే కూచుని, రోలు పూర్తికాగానే ఎర్రమట్టి జాజులో వేలు ముంచి చుక్క పెట్టేది. ఆ చుక్క మీదే ఉలితో చిన్న గుంట తీసేవాడు. చుక్క పడితేనే రాయి గడప దాటేది. ఆ పిల్లను కోటలో కాపలా ఉండే కుర్రాడికిచ్చి చేశారు, ఆడపిల్ల కూడా పుట్టింది.

అంతా బాగుంటే కథెందుకొస్తుంది? వచ్చాడు సుల్తాను. ఏనుగులొచ్చాయి, గుర్రాలొచ్చాయి, ఎద్దులు నురగలు కక్కుతూ లాగుతుంటే వెనకాల ఫిరంగి వచ్చింది. దాని నోరు మన రుబ్బురోలు గుంటంత. ఓబులేసు తల సరిగ్గా పడుతుంది. ఛీ, నా నోరు మండ, ఏం మాటన్నాను!

అప్పట్లో ఇనుప గుండ్లెక్కడివి, రాతి గుండ్లే. మందు కూరడం, రాయి తోయడం, నిప్పు పెట్టడం. సుల్తానుకు కోట కావాలి. కోటకు ఫిరంగి కావాలి. ఫిరంగికి రాయి కావాలి. రాయికి తిప్పయ్య కావాలి. తిప్పయ్యకు మటుకు కూతురు కావాలి.

నా బిడ్డ లోపలుంది దొరా, నా చేత్తో నేను చెక్కలేను అని సర్దారు కాళ్ల మీద పడ్డాడట. వినేవాడైతే యుద్ధానికెందుకొస్తాడు? పెళ్లాం మారెమ్మను గుడారం గుంజకు కట్టేసి, ఊఁ, చెక్కమన్నాడు.

అప్పుడేం చేశాడూ? ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? లోపల బీట ఉన్న రాళ్లనే ఏరి ఏరి చెక్కాడు. పైకి నున్నగా ఉంటాయి. ఫిరంగి ధనామనగానే గాల్లోనే ముక్కలై, చిల్లపెంకుల్లా గోడకు తగిలి రాలిపోయేవి. ప్రతి గుండుకూ చుక్క పెట్టాడు, బిడ్డ చూస్తే భయపడదులే అని.

చూసింది. ముక్క మీద చుక్కను చూసి లక్కమ్మ ముందు ఏడ్చి, తర్వాత నవ్విందట. "మా నాయన రాళ్లు మనల్నేం చెయ్యవత్తా" అంది. ఆడవాళ్లంతా నేలమాళిగలో దాక్కుంటే, ఈ పిల్ల గోడ పక్కనే పొయ్యి పెట్టి కాపలావాళ్లకు సంకటి కెలికేది. అత్త మటుకు చంటిదాన్నెత్తుకుని కిందికి పోయేది.

ఇక్కడేమో సర్దారుకు అనుమానమొచ్చింది. గుండును సుత్తితో తట్టాడు. మంచి రాయి ఖంగుమంటుంది, బీట ఉన్నది డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగింది. కత్తి తీసి మారెమ్మ మెడ మీద పెట్టాడు. తిప్పయ్య ఇంకేం చేస్తాడు చెప్పు, మంచి రాయే చెక్కాడు. దానికి మాత్రం చుక్క పెట్టలేదు. చుక్క లేదంటే పారిపొమ్మని బిడ్డ తెలుసుకుంటుందనుకున్నాడు, పిచ్చిమారాజు.

చుక్క లేదని తెలియాలంటే రాయి వచ్చి పడాలి కదరా! పడింది. గోడతో పాటు పొయ్యి పోయింది, పొయ్యితో పాటు లక్కమ్మ పోయింది.

ఉండండి, కళ్లు తుడుచుకోనీండి. మా అమ్మ చెప్పినప్పుడూ ఇక్కడే ఏడ్చేదాన్ని, నేను చెప్పినా ఇక్కడే ఏడుస్తాను.

సుల్తానుకు కోట దక్కింది. దక్కిందన్న మాటే గానీ, వెంటనే ఇంకో కోట మీదికి పోయాడు, దీని పేరైనా గుర్తుందో లేదో వాడికి. మారెమ్మకు ప్రాణం దక్కింది. తిప్పయ్యకు రాయి దక్కింది. ఆ రాయినీ, నేలమాళిగలోని చంటిదాన్నీ ఎత్తుకుని ఇంటికొచ్చాడు. మళ్లీ ఉలి ముట్టలేదు.

చంటిది పెద్దదై, పిల్లల తల్లై, ఆ గుండునే రోట్లో పొత్రంగా పెట్టుకుంది. దాన్ని ముట్టుకోకే తల్లీ అని తాత బతిమాలాడట. "మా అమ్మను తిన్నది కదా తాతా, నా పిల్లలకన్నా తిండి పెట్టనీ" అందట ఆ పిల్ల.

ఆ పిల్ల కూతురు, దాని కూతురు, అట్లా అట్లా మా అమ్మ, నేను, మీ అమ్మ. పిండి రుబ్బేముందు పొత్రానికి పసుపు చుక్క ఎందుకు పెడతావని పొద్దున అడిగావు కదే చిట్టీ? అందుకే. ఆయన పెట్టకుండా వదిలేసిన చుక్క మనం పెడుతున్నాం.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోలేదు, మన పెరట్లోనే ఉంది. రేపు గారెలకు రుబ్బాలి, చుక్క నువ్వే పెడుదువుగానిలే. పడుకో తల్లీ.