తవిటమ్మ ఐదక్షరాల మాట

అనగా అనగా, సముద్రం పక్కన, ఎటు చూసినా ఉప్పుమళ్ళే ఉండే ఒక ఊళ్ళో, తవిటమ్మ అని ఒక పిల్ల ఉండేదమ్మా చిట్టీ. పుట్టగానే గుప్పెడు తవుడుకి అమ్మేసినట్టు అమ్మి, మళ్ళీ తెచ్చుకున్నారు, బిడ్డ దక్కాలని. అందుకే ఆ పేరు.

తవిటమ్మ వాళ్ళమ్మ పోలమ్మ ఉప్పుమళ్ళో పనిచేసేది. ఎండలో ఉప్పు లాగి కుప్పలు పోసేది. ఆ ఊరి బడి ఏడో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే పట్నం పోవాలి. అందుకని పోలమ్మ చెప్పేసింది, "ఏడైపోయాక నువ్వూ నాతోపాటు మడికి వచ్చీ తల్లీ" అని.

తవిటమ్మ మాత్రం మనసులో రానంటే రాననుకుంది.

అప్పుడు బళ్ళో జగదాంబ టీచరు ఒక కబురు చెప్పింది. పట్నంలో ఇంగ్లీషు మాటల పోటీ పెడుతున్నారట. గెలిచిన పిల్లకి హాస్టలు బళ్ళో సీటు, పది దాకా తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ వాళ్ళవేనట.

"పోటీ ఎలా ఉంటుంది టీచర్?" అని అడిగింది తవిటమ్మ.

"వాళ్ళు కొన్ని అక్షరాలు చెబుతారు. అవన్నీ ఉన్న మాట నువ్వు బోర్డు మీద రాయాలి. మాటకి సరిగ్గా ఐదే అక్షరాలుండాలి. నాలుగైనా తప్పే, ఆరైనా తప్పే."

ఆ రోజు నుంచీ తవిటమ్మ కంటికి ఏ ఇంగ్లీషు మాట కనబడినా వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. సిమెంటు బస్తా మీద చదివింది. బస్సు వెనకాల చదివింది. మందుబిళ్ళల అట్ట మీద చదివింది. ఐదు వేళ్ళకి ఐదు అక్షరాలు సరిపోతే, తడి ఇసకలో పదిసార్లు రాసుకునేది. అర్థం తెలియకపోతే పొద్దున్నే టీచరు గుమ్మంలో నిలబడేది.

ఆ తర్వాత పోటీ రోజు వచ్చింది. ఇరవై మంది పిల్లలు. ముందు కుర్చీలో గవర్రాజు మాస్టారు. నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి, చాలా గట్టివాడు.

మొదట ఏ, ఈ అన్నారు. తవిటమ్మ ప్లేటు రాసింది, టేబులు రాసింది. పదిమంది దిగిపోయారు.

అప్పుడు టీ, హెచ్ అన్నారు. తవిటమ్మ బట్టల కొట్టు బోర్డు మీద చదివిన క్లాత్ రాసింది, పళ్ళపేస్టు డబ్బా మీద చదివిన టూత్ రాసింది. ఇద్దరే మిగిలారు. తవిటమ్మ, పట్నం పిల్ల ప్రణవి.

ఆ తర్వాత మూడోసారి మాస్టారు ఆర్, ఐ, ఎన్ అన్నారు. మూడూ ఉండాలి!

తవిటమ్మ ట్రెయిన్ రాసింది. ప్రణవి బ్రెయిన్ రాసింది. అదేనమ్మా, మెదడు. తవిటమ్మ గ్రెయిన్ రాసింది. ప్రణవి డ్రింక్ రాసింది. తవిటమ్మ బ్రింగ్ రాసింది. ప్రణవి ప్రింట్ రాసింది.

తవిటమ్మకి ఇంక ఏమీ తోచలేదు. చేతిలో సుద్దముక్క చెమటకి తడిసింది. అప్పుడు చటుక్కున ఒకటి తట్టింది. బీ, ఆర్, ఐ, ఎన్, ఈ అని రాసేసింది.

మాస్టారు నవ్వారు. "బ్రెయిన్ ఇందాకే అయిపోయింది కదమ్మా. పైగా నువ్వు తప్పు రాశావు. దిగిపో."

"ఇది మెదడు కాదు సార్. ఇది బ్రైన్. వేరే మాట."

"అలాంటి మాట లేదు."

"ఉంది సార్. మా ఊళ్ళో మడికి నీళ్ళు తోడే పంపు షెడ్డు మీద రాసుంది. చిక్కటి ఉప్పునీళ్ళు."

మాస్టారు జేబులోంచి చిన్న నిఘంటువు తీసి చూశారు. అందులో లేదు. "చూశావా?" అన్నారు.

"అది చిన్న పుస్తకం సార్. పెద్దది చూడండి."

పెద్ద పుస్తకం లైబ్రరీ బీరువాలో ఉంది. దాని తాళం జేబులో పెట్టుకుని లైబ్రరీ చూసుకునే ఆయన భోజనానికి వెళ్ళాడు. అందరూ లేచి అన్నాలకి పోయారు. తవిటమ్మ బోర్డు పక్కనే నిలబడింది. టీచరు వచ్చి రమ్మంది, రాలేదు. మాస్టారు వచ్చి కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఆఖరికి ప్రణవి వచ్చి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అది మాత్రం తీసుకుంది. తాగుతూ కూడా రాసినదానికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది, ఎవరైనా చెరిపేస్తారేమోనని.

అప్పుడు తాళం వచ్చింది, పుస్తకం వచ్చింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పారు. ఒకచోట ఆగిపోయారు. చాలాసేపు చూశారు.

"ఉంది," అన్నారు మెల్లగా. "ఉప్పు బాగా కలిసిన నీరు. నాకే తెలియలేదు తల్లీ. ప్రణవీ, నీ వంతు."

ప్రణవి ఆలోచించింది, ఆలోచించింది. టైమైపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి తవిటమ్మ చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం తవిటమ్మ ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పింది. పోలమ్మ కాళ్ళకి నూనె రాసుకుంటోంది. ఉప్పునీళ్ళకి ఆ కాళ్ళు ఎంతలా పగిలిపోయాయో!

"ఆ నీళ్ళకి ఇంగిలీసులో పేరుందేటే?" అంది.

"ఉందమ్మా."

"ఇరవయ్యేళ్ళ బట్టి నా కాళ్ళు తినేస్తన్నాయి. దానికో పేరుందని నాకెవులూ సెప్పనేదు." కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. ఆ తర్వాత కూతురి తల నిమిరింది. "ఎల్లవే తల్లీ. ఇంకా ఏటేటికి పేర్లున్నాయో నేర్సుకుని రా."

కథేమో కంచి దారి పట్టింది,
కునుకొచ్చి నీ కంటి తలుపు తట్టింది.
మనం మనింట్లోనే ఉన్నాం,
ముడుచుకుని పడుకుందాం.