పొయ్యి మీద పాలు, నోట్లో పద్యం

పరంధాముకి రాజు వేషం ఇచ్చారు గానీ కిరీటం ఇవ్వలేదు.

అది అంకమరాజు మాస్టారి వసారాలో, హార్మోనియం పైన మేకుకి వేలాడుతోంది. అట్టకి తగరపు రేకు అంటించిన పాత కిరీటం. వేషం పట్టుబడిందని తోచినప్పుడే మాస్టారు దాన్ని దించుతారు. తోచకపోతే వేషమే ఇంకొకరికి పోతుంది. నాటకానికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. పక్క వీధి కోటయ్యకి ఆ పద్యాలన్నీ నోటికి వచ్చు.

నాటకం పాతది. మణికేతు మహారాజు చాడీలు విని, తనతో కలిసి పెరిగిన మంత్రికి మరణశిక్ష వేస్తాడు. మంత్రిని కోట బయటికి తీసుకెళ్ళాక, అతని తప్పేమీ లేదని రుజువు వస్తుంది. రాజు సింహాసనం దిగి, పశ్చాత్తాపంతో ఒక పద్యం పాడి, పరుగెడతాడు. వెళ్ళేసరికి అంతా అయిపోతుంది.

ఆ ఉదయం పరంధాము వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాడు.

"మాస్టారూ, మొత్తం లెక్క తీశాను. నాటకంలో అరవై నాలుగు పద్యాలు. రాజువి ముప్పై ఒకటి. వాటిలో ధర్మం అనే మాట పంతొమ్మిది సార్లు వస్తుంది. దయ ఎనిమిది సార్లు. కోపం రెండంటే రెండే. ఇంత మంచివాడికి అలా ఎందుకు జరిగింది?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అందరూ విధి అంటారు. విధిని నేనెలా నటించను? చేతులెత్తి ఆకాశంలోకి చూడనా?"

"ముందు కూర్చోరా. నీ తిరుగుడుకి నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

కూర్చున్నాడు. మోకాలు మాత్రం ఊగుతూనే ఉంది.

"మొన్న పెళ్ళిలో ఆ పశ్చాత్తాపం పద్యం పాడితే రెండు వన్స్‌మోర్లు పడ్డాయి మాస్టారూ."

"పెళ్ళిలోనా?"

"వాళ్ళే అడిగారండీ. రాగంతో కలిపి నాలుగు నిమిషాలు లాగాను. కోటయ్య మూడు దాటడు. ఇంకేం కావాలి?"

మాస్టారు లేచి లోపలికెళ్ళి పాలగిన్నె తెచ్చి, వసారా మూలనున్న కిరసనాయిల్ స్టవ్ మీద పెట్టారు.

"అమ్మగారికి మూడు రోజులుగా జ్వరం. ఈ పూటకి ఈ పాలే ఆవిడ తిండి. గిన్నె నీ ఎదురుగానే ఉంది, పొంగకుండా చూడు. ఈలోపల ఆ పద్యం అందుకో, విందాం."

మాస్టారు హార్మోనియం ముందు కూర్చున్నారు. పరంధాము లేచి పద్యం అందుకున్నాడు. గొంతు బాగా పలికింది. ఆఖరి రాగం తీసి, ఊపిరి పీల్చుకుంటుంటే మాస్టారు చెయ్యెత్తారు.

"వన్స్‌మోర్!"

తొమ్మిదేళ్ళ శిష్యరికంలో మాస్టారి నోట ఆ మాట వినలేదు. పరంధాము ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడో పాదంలో ఉండగా పాల మీద మీగడ కదిలింది. చూశాడు. స్టవ్ నాలుగడుగుల దూరంలో ఉంది. ఇంకొక్క పాదమే మిగిలింది. నురగ అంచు దాకా వచ్చింది. రాగం కూడా పైకెక్కింది. ఇప్పుడు వదిలితే మళ్ళీ అందదు. నురగ గిన్నె దాటింది. మంట చుయ్యిమంది. పరంధాము రాగం పూర్తిచేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి నిలబడ్డాడు.

లోపలి నుంచి మాస్టారి భార్య మంగతాయారమ్మగారి గొంతు నీరసంగా వినిపించింది.

"ఏం నాయనా, మాడు వాసనొస్తోంది. ఇవాళ నేను పద్యం తాగాలా?"

పరంధాము ఒక్క గంతు వేశాడు. ఉత్త చేత్తో గిన్నె దించాడు. వేళ్ళు కాలాయి. అడుగున రెండు గుక్కలు కూడా లేవు.

"పొంగడం చూడలేదా?" అన్నారు మాస్టారు.

"చూశానండీ."

"మరి?"

"పద్యం మధ్యలో ఉంది కదా మాస్టారూ. మీరే వన్స్‌మోర్ అన్నారు. అంత బాగా వస్తుంటే ఎలా ఆపను?"

మాస్టారు హార్మోనియం తిత్తి మూశారు.

"మణికేతూ ఆ మాటే అంటాడు."

పరంధాము స్టవ్ వైపు చూశాడు. తను నిలబడ్డ చోటు చూసుకున్నాడు. నాలుగడుగులు. నాలుగు నిమిషాలు.

గిన్నె పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. పాలు తెచ్చి, స్టవ్ వెలిగించి, రెప్ప వెయ్యకుండా దాని ముందే కూర్చున్నాడు. మోకాలు ఊగలేదు. కాచిన పాలు గ్లాసులో పోసి అమ్మగారి మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈసారి పద్యం లేదేం?" అన్నారావిడ.

"లేదమ్మగారూ."

తిరిగి వసారాలోకి వచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది. కిరీటం హార్మోనియం మీద ఉంది. మాస్టారు పేపరు చదువుకుంటున్నారు.

నాలుగో రోజు నాటకం. రుజువు చేతికందగానే మణికేతు సింహాసనం దిగి గుమ్మం వైపు పరుగెత్తాడు. మూడడుగులు వేసి ఆగాడు. జనం వైపు తిరిగి పద్యం అందుకున్నాడు. పాడుతున్నంతసేపూ ఒక పాదం గుమ్మం వైపే ఉంది.

"వన్స్‌మోర్!" అని అరిచారు జనం.

అప్పటికి మణికేతు గుమ్మం చేరాడు. చెయ్యి తలుపు మీద ఉంది. ఆ అరుపుకి తల తిప్పాడు. పెదవి మీదికి చిన్న నవ్వు వచ్చింది. దాన్ని తుడుచుకున్నాడు. తలుపు వదిలేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ అందుకున్నాడు.

రెండో పాదం కాకముందే ముందు వరసలో ఓ ముసలామె లేచి నిలబడింది.

"ఇంకా పాడతావేంటయ్యా! అక్కడ వాడి పీక తెగుతోంది, పోవయ్యా!"

ఎవరూ నవ్వలేదు. మణికేతు ఆమె వైపు చూశాడు. చూస్తూనే పద్యం పూర్తిచేశాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు పరుగెత్తాడు.

తెర పడ్డాక పరంధాము లోపల ఓ పెట్టె మీద కూలబడ్డాడు. మాస్టారు వచ్చి అతని తల మీది కిరీటం తీసి, తన కండువాతో నుదుటి చెమట తుడిచారు.

"పొంగాయిరా పాలు," అన్నారు.