అతిథి విస్తరి

ఆ పొద్దున మద్దిలేటి తన గదిలోంచి బయటికి రాలేదు. కంప్యూటరు ముందు కూర్చొని, తెర మీద ఒక మూలకు అరచెయ్యి అడ్డం పెట్టుకొని ఉన్నాడు. సంగటి కెలికే తెడ్డు చేతిలో పట్టుకొనే పోయి, ఏమైందబ్బాయ్ అని అడిగినా. చూడొద్దక్కా అన్నాడు.

సంగతి చెప్తా వినండి. నల్లమల అంచున మాది చిన్న ఆశ్రమం. వంట నాది. మా గురువును అందరం ఓబులయ్య తాత అంటాం. ఇక్కడొక ఆచారముంది. చేరిన ప్రతివాళ్లూ తాతను ఒక ప్రశ్న అడగొచ్చు, జీవితానికంతా ఒక్కటే. ప్రశ్న లోపల పండినప్పుడు అడగండి అంటాడు తాత. కొందరు వచ్చిన రోజే అడిగేసి చేతులు దులుపుకుంటారు. మద్దిలేటి మాత్రం ఏళ్ల తరబడి లోపలే దాచుకున్నాడు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చిన పిల్లోడు. తాత మాటలన్నీ కంప్యూటర్లో మైండ్ మ్యాప్‌గా వేసినాడు. నడుమ తాత పేరు, దాన్నుంచి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. మా అందరికీ తలా ఒక కొమ్మ, దాని చివర ప్రశ్నకొక గడి, జవాబుకొక గడి, ఇంకా అడగనివాళ్లవి రెండూ ఖాళీగా. అప్పుడప్పుడూ మేం చెప్పుకున్న గోడు కూడా అక్కడక్కడా ఎక్కించినాడు. అదంతా చూసుకోవడానికి ఏఐ ఏజెంట్లను పెట్టినాడు. మనిషి పక్కన లేకున్నా, రాసిచ్చింది చదువుకొని వాటంతట అవే పని చేసుకుపోతాయంట. ఏ కొమ్మ ఎట్లా తెరవాల, దేన్ని దేనికి కలపాల, అన్నీ వాటికోసం విడమరిచి రాసినాడు.

రాసింది తాతకు చదివి వినిపించినాడు, మురిసిపోతా. తాత అంతా విని, తెలియనప్పుడు ఏం చేయాలో రాసినావా అని ఒక్కటే అడిగినాడు.

"వాటికి తెలియనిది ఉండదు తాతా" అన్నాడు మద్దిలేటి.

అంత పొగరు పనికిరాదురా అని నాకు నోటిదాకా వచ్చింది. తాత లేచి పోయినాడు, నేనూ పొయ్యి దగ్గరికి వచ్చేసినా.

వాడు రాసిన దాంట్లో ఒక మాట ఉంది: ‘ఏ గడినీ ఖాళీగా వదలొద్దు. చుట్టూ ఉన్నవి చూసి నింపు.’ వాడు పనిచేసిన చోట ఖాళీ గడి అంటే పని ఎగ్గొట్టినట్టే లెక్కంట. అలవాటు కొద్దీ రాసేసినాడు.

రాత్రి వాటిని పనిలోకి వదిలి పడుకున్నాడు. తెల్లారేసరికి ఖాళీ గడులన్నీ నిండి ఉన్నాయి. మేం అడగని ప్రశ్నలు, తాత చెప్పని జవాబులు. ఆ జవాబులు అచ్చం తాత మాటే, చివర ‘నాయనా’ అనడంతో సహా.

మద్దిలేటి తమ్ముడు చిన్నప్పుడే బావిలో పడి చనిపోయినాడు. తమ్ముడని ఒక చోట, నీళ్లంటే భయమని ఒక చోట, ఎవరో పిలిచినట్టయి నిద్రలో లేస్తానని ఇంకో చోట వాడే రాసుకున్నాడు. ఏజెంట్లు వాటిని కలిపి, వాడు ఏ మనిషికీ చెప్పని ప్రశ్నను రాసిపెట్టినాయి: ‘బావిలోంచి వాడు నన్ను పిలిచినాడా, నేనే అనుకున్నానా?’

దాని కింద జవాబు. దాని మీదనే వాడి అరచెయ్యి. చదివితే ఇన్నేళ్లు మోసింది దిగిపోతుందేమో. చదివితే ఇంక తాతను అడగడానికి ఏమీ మిగలదు.

పోయి తాతకు చెప్పినా. అందరినీ అన్నాలకు పిలవమన్నాడు.

మా పంక్తి చివర ఎప్పుడూ ఒక విస్తరి వేస్తాం, రాబోయే మనిషి కోసం. ఆ మనిషి వచ్చి కూర్చునేదాకా దాంట్లో మెతుకు పడగూడదు. ఆ పూట తాత తానే లేచి ఆ విస్తరిలో సంగటి పెట్టి, పప్పు పోసినాడు. ఇదేంది తాతా అంటే వినిపించుకోలేదు.

కాసేపటికి ఎండన పడి ఒక ముసలాయన వచ్చినాడు. భుజాన గొంగడి, గొర్రెలు కాసుకునే మనిషి. ఆకలి మొహంలోనే కనిపిస్తా ఉంది. కాళ్లు కడుక్కొని విస్తరి దాకా వచ్చి ఆగిపోయినాడు. కూర్చో పెద్దాయనా, నీకే అన్నా. ఆయన విస్తరి వెనక్కి చూసినాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"తిననీండమ్మా. తింటా ఉన్న మనిషిని లేపగూడదు" అన్నాడు.

ఆ గోడ వైపు దండం పెట్టి, వచ్చిన దారినే దిగిపోయినాడు. చెంబు పడేసి వెంట పరిగెత్తినా. బండల మలుపు దాకా పోయినా, మనిషి జాడ లేదు.

తిరిగొస్తే పంక్తిలో ఒక్కరూ ముద్ద ఎత్తలేదు. ఆ విస్తరిలో సంగటి నడుమ, వేలితో ఒత్తినట్టు గుంట ఉంది. నెయ్యికని తాత ఒత్తినాడేమో అనుకున్నా. ఆ పూట నెయ్యి లేదు మరి.

తాత మద్దిలేటి వైపు తిరిగినాడు. "చదివినావా?"

"ప్రశ్న చదివినా. జవాబు చదవలేదు తాతా."

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. మరి ఆ గడిలో కూర్చొని మాట్లాడింది ఎవరు నాయనా?"

మద్దిలేటి లేచి లోపలికి పోయినాడు. భయమేసి నేనూ వెనకే పోయినా. ఆ జవాబు మీద మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకొనే దాన్ని చెరిపేసినాడు, అట్లా నిండిన మా అందరివీ చెరిపేసినాడు. ఆ వెంటనే తెర మీద ఒక వరుస వచ్చింది.

‘ఈ గడి ఖాళీగా ఉంది నాయనా. నింపమంటావా?’

వాడు తాను రాసిన పాత మాట తీసేసి, దాని చోట ఇంకోటి రాసినాడు: ‘తెలియకపోతే ఆగు. మనిషి వచ్చి అడిగేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచు.’ రాసి, కంప్యూటరు ఆపేసినాడు.

బయట తాత చాప మీద ఒక్కడే ఉన్నాడు. మద్దిలేటి పోయి ఎదురుగా నిలబడినాడు.

"తాతా, ఒకటి అడగాల."

తాత కొంచెం పక్కకు జరిగి చాప మీద చోటిచ్చినాడు. నేను తలుపు దగ్గరికేసి వంటింట్లోకి వచ్చేసినా.