ప్రభువు తాగిన పంచగవ్యం

కొండలకు ఎంతో దూరంగా, సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే చండవర్మకు తన శుచి గురించి మహా గర్వం. అంతఃపురపు తోటలోకి పేడతట్ట రాకూడదని శాసనం చేసినవాడు.

ఆయన రాణి వీరాంబిక కొండసీమ ఆడపడుచు. తొలకరి చినుకు పడితే చాలు, ఆమె మనసు పుట్టింటి దడి మీదికి పోయేది. ఆ దడి నిండా ఆకాకర తీగలు. తల్లి లేత కాయలు కోసి, నూనెలో మగ్గించి, వేడి కొర్రన్నంలో కలిపి పెట్టేది. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ తల్లే ఇన్ని గింజలు కొంగున ముడివేసి పంపింది.

రాజు వాటిని పన్నీటిలో నానబెట్టించి నాటించాడు. అవి మట్టిలోనే కుళ్ళిపోయాయి. గుప్పెడు గింజలు మిగిలాయి. రాణి ఆస్థాన విదూషకుడు గుండయను పిలిపించింది.

"మా అమ్మ వీటిని ఆవుపేడ, ఆవుపంచితం కలిపిన నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి నాటేది గుండయా. ఆ మాట ప్రభువుతో అంటే, నా ఇంట ఆ అశుద్ధమా అన్నారు. పుట్టింటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. ఇవీ పోతే నాకింకేం మిగలదు."

గుండయ ఆ గింజలకేసి చూశాడు. "రేపు పుణ్యాహవాచనం ఉంది కదమ్మా. గింజలు వెంట తెచ్చుకోండి."

మర్నాడు పురోహితుడు పంచగవ్యం ఇచ్చాడు. రాజు కళ్ళకద్దుకుని తాగాడు. గుండయ చేతులు కట్టుకుని, "ప్రభూ, అందులో ఏమేం కలుస్తాయి?" అని అడిగాడు.

"ఆమాత్రం తెలియదా? పాలు, పెరుగు, నెయ్యి, గోమూత్రం, గోమయం. పరమ పవిత్రం."

"ప్రభువుల కడుపుకు పవిత్రమైనది గింజకు అశుద్ధం ఎలా అయిందా అని నా సందేహం."

పురోహితుడు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాజు ముఖం ఎర్రబడింది. మిగిలిన పంచగవ్యం పాత్రను రాణి వైపు జరిపాడు. ఆమె కొంగు ముడి విప్పి గింజలను అందులో వేసింది.

వానలు కుదురుకునేసరికి గింజలన్నీ మొలిచాయి. రాజు స్వయంగా చూడవచ్చి, "నా నోటితోనే నన్ను ఓడించావు కదరా" అని విరగబడి నవ్వి, మెడలోని హారం తీసి గుండయకు వేశాడు.

రాణి నవ్వలేదు. మొక్కల దగ్గర కూర్చుని లేత ఆకును నిమురుతూ, "ఈపాటికి అమ్మ దడికి కాయలు దిగి ఉంటాయి" అంది, తనలో తాను అనుకున్నట్టు.

రాజు నవ్వు ఆగిపోయింది. ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇవి కాసేదాకా ఆగడం ఎందుకు దేవీ? పద, మీ అమ్మగారి చేతి కూరే తిందాం."

పల్లకి వచ్చేదాకా ఆమె లోపలికి వెళ్ళనే లేదు. చేతులకు మట్టి ఉండగానే ఎక్కి కూర్చుంది.