షావుకారింటి చదివింపులు

పూర్వం వేములదిన్నెలో షావుకారు భూషయ్య ఇంట ఏ వేడుక జరిగినా బాకీదారులంతా చదివింపులు ఇవ్వాల్సిందే. నేతపని చేసే సుంకులమ్మ ఈసారి వెళ్లలేదు. అప్పు తీరాలని తాంబూలం మానేసి, ఒంటిపూట తింటున్న మనిషి ఆమె.

"నా మనవడి అన్నప్రాశనకు రాకుండా అవమానించింది. బాకీ కింద ఆమె మగ్గం ఇప్పించండి," అని భూషయ్య పంచాయితీ పెట్టించాడు.

మగ్గం పోతే సుంకులమ్మకు ఆ ఒంటిపూట కూడూ ఉండదు. అయినా నెమ్మదిగానే చెప్పింది.

"అయ్యా, తమరింటి పెళ్లిలో నేను చదివించిన వరహా తమరి దగ్గర తెచ్చిన అప్పే. తమ సొమ్ము తమకే ఇచ్చి, దానికి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాను. ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు మానాల్సింది అదే కదా?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ అలా అప్పు తెచ్చి చదివించినవాళ్లే.

"మగ్గం ఆమెదే," అన్నాడు పెద్దకాపు లేస్తూ. "వచ్చే నెల మీ గృహప్రవేశానికి మేమంతా వట్టి చేతులతోనే వస్తాం, భూషయ్యగారూ."