రాజమాత చూసిన చీమ

ఏ రాజ్యమో ఏమో గానీ, అక్కడి రాజమాతకి చూపు లేదు. అయినా భూతద్దంలో చీమని చూడాలని ఉబలాటం.

"అద్దంలోది బయటికి రాదమ్మా," అని తేల్చేశాడు ఆస్థాన పండితుడు.

చాపలల్లే నూకాలు అద్దంలో కన్నుపెట్టి "రెండు ఎత్తు, ఒకటి వదులు" అంటూ పోతే, గోడకవతల మగ్గం మీద ఆమె మొగుడు లావు తాళ్లతో చీమ బొమ్మని ఉబ్బెత్తుగా అల్లేశాడు. రాజమాత ఆ చాప తడిమింది. చీమకి ఇన్ని వెంట్రుకలా!

"అంతా కల్పన! మీ మగ్గం తగలబెట్టిస్తా!" అన్నాడు పండితుడు.

"అద్దంలో మీరు చూస్తుండండి బాబూ. అమ్మగారు తడిమి చెబుతారు. తప్పుంటే ఆపండి," అంది నూకాలు.

రాజమాత చెబుతూనే ఉంది, పండితుడు ఆపలేకపోయాడు.

"కుడి మీసం కొస విరిగింది, పాపం."

"ఎక్కడమ్మా?"

"అద్దం కాస్త ఎడమకి జరుపు నాయనా, కనబడుతుంది," అంది చూపులేని రాజమాత.

జరిపాడు. కనబడింది.