సీతాఫలం తిన్నంతసేపు

సుధీంద్ర కంప్యూటర్లో కట్టిన టవరు చెప్పింది చెప్పినట్టు వినేది. జడ్చర్ల అవతల మందుల ఫ్యాక్టరీలో నిలబడ్డ ఇనుప టవరు మాత్రం అలిగిన కొత్తల్లుడు. పిలిస్తే కదలదు, కదిలితే ఆగదు.

అందులో పైనుంచి మురికినీళ్లు దిగేవి, కిందినుంచి ఆవిరి ఎక్కేది. నీళ్లలోని అమ్మోనియాని ఆవిరి ఊడ్చుకుపోవాలి. ఊడ్చకపోతే పక్క తొట్టిలో పెద్ద ఇంజనీరు ఖాజా సారు పెరుగు తోడులా ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్న, మురికిని తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

ఆ రోజు టవరుని తన లెక్కలతో నడుపుతానని సుధీంద్ర అడిగి మరీ తీసుకున్నాడు. కాలేజీలో మెడల్ వచ్చినవాడు, అడక్కుండా ఎలా ఉంటాడు.

మీటరు అమ్మోనియా ఎక్కువ చూపించింది. ఆవిరి పెంచాడు. కదల్లేదు. ఇంకా పెంచాడు. కాసేపటికి మీటరు దబ్బున పడింది, టవరు గుడగుడమంది. కంగారుపడి తగ్గించాడు. మళ్లీ ఎక్కింది. మధ్యాహ్నానికి గ్రాఫు మీద గీత నల్లమల గుట్టల్లా తయారైంది.

ఖాజా సారు వచ్చారు. తువ్వాలు మూటలో రెండు సీతాఫలాలు.

“సారూ, మోడల్ల ఆవిరి పెంచంగనే దిగింది. ఇక్కడ దిగుతలేదు.”

“ఒక్కసారి పెంచి, పండు తిను బిడ్డా.”

“ఇప్పుడా సారూ? నీళ్లు మీ తొట్టిలకే పోతున్నయ్.”

“నా తొట్టే గద. తిను.”

సీతాఫలానికి రెండు చేతులూ కావాలి. వేళ్లు జిగట, కీబోర్డు ముట్టలేడు. ఒక్కో గింజనీ నాలుకతో తేల్చి కాగితం మీద ఊస్తూ, కళ్లు మీటరుకి అంటించి కూర్చున్నాడు. పండు సగమైనా అది కదల్లేదు. చివరి గింజ దగ్గర, మెల్లగా, దిగడం మొదలుపెట్టింది.

దిగుతోందంటే, ఇంకాస్త పెంచితే ఇంకా దిగుతుందిగా. జిగట చేత్తోనే మౌసు మీదికి వంగాడు.

సారు ఆ చేతిలో రెండో పండు పెట్టారు.

షిఫ్టు దిగేవేళకి గీత పడుకున్న పిల్లిలా నిమ్మళంగా ఉంది. తొట్టి బతికింది. సుధీంద్ర తన మోడల్లో అన్నీ పెట్టి మరిచిపోయిన ఒక్కదాన్ని, ఆవిరి పెంచాక మీటరు కదలడానికి పట్టే ఆలస్యాన్ని, చేర్చాడు.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ సీతాఫలాల కాలం వస్తే సుధీంద్ర ముక్కుకి అమ్మోనియా ఘాటు తగులుతుంది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ తను అడిగిన మాట గుర్తొస్తుంది.

“రెండో పండెందుకు సారూ?”

“మొదటిది టవరు కోసం బిడ్డా. రెండోది నీ కోసం.”